మస్టరు – మంచినీళ్లు – మర్యాద

ఈ సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదక వర్గంలోని విద్యార్థి మిత్రులు అడిగినప్పుడు, ప్రబంధ కవిత్వం మీదనో, రాయలసీమ పలుకుబడి మీదనో వ్రాస్తామని వారు అనుకొని ఉండవచ్చు. తెలుగు అధ్యాపకులు ఏటేటా వ్రాసేది అదే కదా! ఈసారి ఆ అలవాటు తప్పి, మనుషులు కలిసి పనిచేసే చోటును గురించి, అక్కడ ఒకరితో ఒకరు మెలగవలసిన తీరును గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము. ఇది చదివే విద్యార్థులు మరి రెండు మూడేళ్లలో ఏదో ఒక పనిలో చేరబోయేవారు. కమిటీ పెద్దలు ఒక పనిచోటను నడుపుతున్నవారు. మేము ఆ ఇరువురి నడుమ నిలిచి ఉన్నవారము. కనుక ఈ విషయం మాట్లాడే అర్హత మాకు కొంత ఉన్నదనే అనుకుంటున్నాము.

మాటల దగ్గర మొదలు పెట్టడం మా వృత్తి దోషం, పాఠకులు క్షమించాలి. మన స్టాఫ్ రూములో ఉర్దూ శాఖవారు ఒక మూల, తెలుగు శాఖవారు మరొక మూల కూర్చుంటారు గాని, ఉద్యోగపు మాటలు మాత్రం ఈ రెండు భాషలకూ ఏనాడో ఉమ్మడి ఆస్తి అయినవి. దఫ్తరు, నౌకరీ, హాజరు, జవాబు, రాజీనామా – ఇవన్నీ అరబ్బీ, పారశీకాల నుంచి మనకు వచ్చి చేరిన మాటలే. 'సిబ్బంది' అచ్చ తెలుగు మాట వలె వినిపిస్తుంది. అదీ పారశీకం నుంచి వచ్చినదే. పూర్వం శిస్తు వసూలుకు పెట్టుకున్న బంట్లను అలా పిలిచేవారు. మూడు నెలలకొకమారు జీతం పంచే పద్ధతిని బట్టి ఆ పేరు వచ్చినదని కొందరు అర్థం చెప్పినారు. గంట లెక్కన పాఠం చెప్పే నేటి పార్ట్‌టైము అధ్యాపకులు ఈ వ్యుత్పత్తిని విని నవ్వుకుంటారనుటలో మాకు సందేహం లేదు.

ఇక 'మర్యాద'. సంస్కృతంలో ఈ మాటకు మొదటి అర్థం హద్దు, ఎల్ల. మర్యాద అంటే కింది ఉద్యోగి పై అధికారికి సమర్పించుకునే కానుక అని మనం అనుకుంటాము గాని, ఎల్ల ఎప్పుడూ రెండు పొలాలకూ ఎల్లయే. ఇవతలి వాడు దాటరాని గట్టును అవతలి వాడూ దాటరాదు. ఉర్దూలో 'అదబ్' అనే మాట నడవడికకూ, సాహిత్యానికీ ఒకటే. రెండు భాషలూ నేర్పే విద్యాసంస్థలో పనిచేసేవారికి ఈ రెండు మాటలు చాలు. విదేశీ నిర్వహణ శాస్త్ర గ్రంథాల దాకా వెళ్లనక్కరలేదు.

ఉదాహరణకు కూడా దూరం పోనక్కరలేదు. మన జిల్లాలోనే, నార్పల మండలంలో బండ్లపల్లి అనే గ్రామం ఉన్నది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ఆ గ్రామంలో ప్రారంభించినారు. మొదటి విడతలో దేశంలోని 200 జిల్లాలకు ఆ పథకం వర్తించినది. తొలి అడుగు పడినది మాత్రం ఈ ఎర్ర నేల మీద. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన, వేరుశనగ తప్ప వేరు పంటను ఎరుగని మెట్ట చేలు – ఇటువంటి జిల్లాను ఎందుకు ఎంచుకున్నారో మన విద్యార్థులకు వివరించనక్కరలేదు. వారిలో చాలామంది తల్లిదండ్రులు ఆ పనులకు వెళ్లినవారే.

ఆ పథకంలో నూరు దినాల పనిని గురించి అందరూ మాట్లాడినారు. మమ్ము ఆకర్షించినది వేరొకటి. పనిచేసే చోటు ఎలా ఉండాలో ఆ చట్టం వ్రాసి పెట్టినది. పనిచోట త్రాగే నీరు ఉండాలి. పిల్లలకు నీడ ఉండాలి, పనివారు కాసేపు సేదదీరడానికి వీలుండాలి. గాయం తగిలితే కట్టు కట్టే పెట్టె ఉండాలి. తల్లుల వెంట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు లేక అంతకు మించి వస్తే, వారిని చూచుకోవడానికి ఆ కూలీలలోనే ఒక స్త్రీని నియమించి, ఆమెకూ కూలి కట్టి ఇవ్వాలి. పని పొందేవారిలో మూడవ వంతుకు తగ్గకుండా స్త్రీలు ఉండాలి. కూలి పదిహేను దినాలు దాటరాదు. మట్టి తవ్వే చోటు కూడా ఒక కార్యాలయమేననీ, అక్కడ తట్ట మోసే మనిషికీ దాహం, అలసట, బిడ్డ ఉంటాయనీ ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

అది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే ఇదే నేల మీద మరొక కాలాన్ని తలచుకోవాలి. 1876–78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. అనంతపురం అప్పటికి ప్రత్యేక జిల్లా కాదు. 1882లో విడివడే దాకా బళ్లారి జిల్లాలో భాగం. 1877 ప్రారంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, ఖర్చు తగ్గించే ఉద్దేశంతో కరువు పనులలోని మగ కూలీకి దినానికి ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర చాలునని సిఫారసు చేసినాడు. పౌను అంటే మన లెక్కలో సుమారు 450 గ్రాములు. ఎండలో రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు రాష్ట్ర శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించినాడు. కొన్ని మాసాల తర్వాత ఆ కూలిని పెంచక తప్పలేదు. ఆ వాదమంతా అధికారికీ అధికారికీ నడుమ జరిగినది. తట్ట మోసిన మనిషి నోరు తెరిచి 'ఇది చాలదు' అంటే వినడానికి అక్కడ కుర్చీ వేసుకొని కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. 1877కూ 2006కూ మధ్య ఉన్న అసలైన తేడా కూలి రేటులో లేదు, ఇక్కడ ఉన్నది.

ఉపాధి హామీ పనులు స్వర్గమని మేము చెప్పబోవడం లేదు. నీళ్ల కుండ కనిపించని పనిచోట్లు ఉండినవి. పదిహేను దినాల కూలి నెలలు గడిచినా రాని ఊళ్లు ఉండినవి. చేయని పనికి పేర్లు ఎక్కిన మస్టర్లు ఉండినవి. 2025 చివర ఆ చట్టం స్థానంలో మరొక చట్టాన్ని పార్లమెంటు ఆమోదించినది; దాని మంచి చెడ్డలు వేరే చర్చ. మేము చెప్పదలచినది ఒక్క ఏర్పాటును గురించి – సామాజిక తనిఖీ.

దాని పుట్టుక రాజస్థాన్‌లో. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో ఊరి నడుమ బహిరంగ విచారణలు జరిపి, ఖర్చు కాగితాలను జనం ఎదుట చదివించడం మొదలు పెట్టినది. ఉపాధి హామీ చట్టం ఆ పద్ధతిని పథకంలో భాగంగా చేసినది. 2006లోనే మన జిల్లాలో పెద్ద ఎత్తున ఆ తనిఖీ జరిగినది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో అది ఒక క్రమం తప్పని ఏర్పాటుగా స్థిరపడి, ఇతర రాష్ట్రాల వారు వచ్చి చూచి పోయే స్థాయికి చేరినది. కూలి కుటుంబాలలోని చదువుకున్న యువతీ యువకులకే శిక్షణ ఇచ్చి, వారిని ఇంటింటికీ పంపుతారు. మస్టరులో ఏమి వ్రాసి ఉన్నదో వారు చదివి వినిపిస్తారు: "నీ పేరు మీద పన్నెండు దినాలు పడినది. నీవు ఎన్ని దినాలు చేసినావు?" ఆమె తొమ్మిది అంటే తొమ్మిది అని వ్రాసుకుంటారు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. షామియానా కింద, మైకు ముందు, అధికారి కూర్చుండగా ఆమె లేచి నిలబడి అదే మాట చెబుతుంది. అధికారి జవాబు చెప్పాలి. జవాబుదారీ అనే మాట మన భాషలో ఎన్ని వందల ఏళ్లుగా ఉన్నా, దానికి ఒక రూపం కట్టి చూపినది ఆ షామియానా.

పనిచోట ఆరోగ్యం అంటే మా అభిప్రాయంలో ఇదే. ఏటా ఒక విహారయాత్ర, పుట్టినరోజున ఒక కేకు, గ్రూపు ఫోటోలో నవ్వు – ఇవి వద్దని అనము; కాని ఇవి ఉన్న చోట ఆరోగ్యం ఉన్నదని నమ్మము. అందరికంటే తక్కువ జీతం తెచ్చుకునే మనిషి, అందరూ వినేటట్లు ఒక ప్రశ్న అడిగి, మరునాడు ఏ భయమూ లేకుండా పనికి రాగలుగుతున్నాడా? ఈ ఒక్క పరీక్షకు నిలిచిన చోటు మంచి చోటు. నిలువని చోట గోడలకు ఎన్ని సూక్తులు వ్రాసి తగిలించినా ప్రయోజనం లేదు.

మా సొంత అనుభవం ఒకటి చెప్పవలసి ఉన్నది. చెప్పుకోదగినది కాదు, అయినా చెబుతాము. యం.ఏ. ముగించి బయటికి వచ్చిన తర్వాత మేము తొలిసారి చేరిన కళాశాల ఒకటి ఉన్నది. ఊరు పేరు, కళాశాల పేరు అనవసరం. అక్కడ మా వంటి గంట జీతం వారము ఐదారుగురము ఉండేవారము. స్టాఫ్ రూములో కుర్చీలన్నీ పర్మనెంటు వారివి. ఎవరి కుర్చీ ఎవరిదో వ్రాసి లేకపోయినా అందరికీ తెలుసు. మేము పరీక్ష పేపర్ల కట్టలు పెట్టిన ట్రంకు పెట్టె మీద కూర్చునేవారము. మాలో చరిత్ర చెప్పే మిత్రుడు ఒకరు దినమూ కళ్యాణదుర్గం వైపు నుంచి బస్సులో వచ్చేవారు. ఒకనాడు బస్సు దారిలో చెడిపోయి పావుగంట ఆలస్యమైనది. వరండాలో, విద్యార్థులు చూస్తుండగా, పై అధికారి ఆయనను పట్టుకొని అనరాని మాటలు అన్నారు. జీతం కోత మాట సరే; ఆయన పుట్టిన పల్లె, తొడిగిన చొక్కా కూడా అందులోకి వచ్చినవి.

స్టాఫ్ రూములో అప్పుడు ఏడెనిమిది మందిమి ఉన్నాము. వాకిలి తెరిచే ఉన్నది. ప్రతి మాటా వినిపించినది. అందరి చేతుల్లోకీ దినపత్రికలు వచ్చినవి. మేమూ ఒక పుట అందుకున్నాము. అందులో ఏమున్నదో నేటికీ గుర్తున్నది – బోరు మోటార్ల ప్రకటన. దానిని రెండు మార్లు చదివినాము.

ఆ మిత్రుడు నెల తిరగకముందే మానుకున్నారు. కొంతకాలానికి బస్టాండులో కనిపించి టీ త్రాగించినారు. ఆ సంగతి మేమే ఎత్తినాము. ఆయన తన పల్లె మాటలోనే చెప్పినారు: "ఆయప్ప అన్నదానికి కాదన్నా నాకు బాధ. మీరంతా పేపర్లు అడ్డం పెట్టుకుంటిరి చూడు, ఆడ తెగిపాయ."

ఆ అధికారి కటువైన మనిషి. అటువంటివారు ప్రతి చోటా ఒకరిద్దరు ఉంటారు. వారి వలన ఒక మనిషికి ఒక పూట చెడుతుంది. చోటు మొత్తం చెడడానికి మాత్రం పత్రిక వెనుక దాగిన ఏడెనిమిది మంది కావలసి వచ్చినది. సంస్థ సంస్కృతి అంటే యాజమాన్యం చేతిలోనిదని, మనం దానిని అనుభవించేవారమేనని చాలామంది ఉద్యోగులు అనుకుంటారు. మేమూ ఆనాడు అలాగే అనుకున్నాము. ఆ టీ త్రాగిన తర్వాత అలా అనుకోవడం మాకు కుదరలేదు.

ఇటువంటి మాటలు ఎత్తినప్పుడల్లా మన సంస్థలలో ఒక జవాబు వినిపిస్తుంది: "మనదంతా ఒక కుటుంబం." మైనారిటీ విద్యాసంస్థలలో ఈ మాట మరింత బరువుతో వస్తుంది. పది రూపాయలు చందా వేసి కట్టుకున్న గోడలు, పరాయివారి ముందు పలుచన కారాదన్న తపన – దీనిని మేము చులకన చేయము. ఆ చందాలు ఇచ్చిన వీధుల్లోనే మేమూ పెరిగినాము. అయినా ఆ మాటతో ఏకీభవించలేము. కుటుంబంలో పెద్దవాడి మాటకు ఎదురు లేదు. కుటుంబంలో కోడలు జీతం అడగదు. కుటుంబంలో తప్పు జరిగితే 'ఇంటి గుట్టు లంకకు చేటు' అని తలుపు వేస్తారు. ఇంట్లో ఇవన్నీ సరి అయినవా కాదా అన్నది వేరే మాట. పనిచోటకు మాత్రం ఇవి సరిపడవు. సహోద్యోగిని తమ్ముడని పిలువనక్కరలేదు. ఆయన జీతం ఆయనకు వేళకు అంది, ఆయన ఫిర్యాదుకు వ్రాతపూర్వకంగా జవాబు వస్తే, తమ్ముడని పిలిచినా పిలువకపోయినా ఆయనకు లోటు లేదు.

క్రమశిక్షణ చెడుతుందన్న వాదం కూడా ఉన్నది. మస్టరును ఊరి ముందు చదివినందువలన పని చెడిన దాఖలా మాకు కనిపించలేదు. చదివినప్పుడు బయటపడినవారు పనికి రాకుండా పేరు ఎక్కించుకున్నవారు, ఎక్కించినవారు. బహిరంగంగా లెక్క చెప్పే చోట క్రమశిక్షణ మొదట రిజిస్టరు వ్రాసే చేతికి వస్తుంది; అందుకే ఆ చేతికి అది నచ్చదు.

స్త్రీల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. రాజస్థాన్ ప్రభుత్వ కార్యక్రమంలో 'సాథిన్'గా పనిచేస్తూ బాల్యవివాహాన్ని అడ్డుకున్నందుకు భన్వరీ దేవి అనే మహిళ మీద 1992లో అత్యాచారం జరిగినది. ఆ సంఘటన నుంచి పుట్టిన 'విశాఖ' వ్యాజ్యంలో 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు పనిచోట స్త్రీల రక్షణకు మార్గదర్శక సూత్రాలు ఇచ్చినది. అవి చట్టరూపం దాల్చడానికి 2013 వరకు పట్టినది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఒక అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ అయిన స్త్రీ అధ్యక్షత వహించాలి. సభ్యులలో సగానికి తగ్గకుండా స్త్రీలు, బయటి వ్యక్తి ఒకరు ఉండాలి. ఫిర్యాదు మూడు మాసాల లోపల చేయాలి, విచారణ తొంభై దినాలలో ముగియాలి. ఆ చట్టం నియమించిన ఆ బయటి వ్యక్తిని గురించి విద్యార్థినులు ఆలోచించాలి. ఇంటి గుట్టు అనే మాట ఎక్కడ ఎక్కువగా వినిపిస్తుందో అక్కడే ఇంటివాడు కాని ఒక మనిషి కూర్చోవాలని చట్టం కోరినది. 2015 నాటి యు.జి.సి. నిబంధనలు ఈ రక్షణను విద్యార్థినులకు కూడా వర్తింపజేసినవి.

మన విద్యార్థులు ముందు ముందు వెళ్లే చోట్లను గురించి ఒక మాట. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కొరియా దేశపు కియా సంస్థ కట్టిన కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. కొందరు అక్కడికి వెళ్తారు, కొందరు బెంగుళూరుకు, కొందరు సముద్రం దాటి గల్ఫుకు. ఎక్కడికి వెళ్లినా తమకు తెలియని భాష మాట్లాడే పై అధికారి ఉంటాడు. అక్కడ నోరు విప్పి అడగడం, అడిగినవాడి పక్కన నిలబడడం ఇరవై ఐదో ఏట హఠాత్తుగా వచ్చే విద్యలు కావు. తమ అధ్యాపకులు ఒకరితో ఒకరు ఎలా ఉంటున్నారో, అటెండరును ఏమని పిలుస్తున్నారో విద్యార్థులు మూడేళ్లు కిటికీలోంచి చూస్తూనే ఉంటారు. మనం చెప్పే పాఠాలలో వారికి బాగా గుర్తుండేది అదేనేమోనని మాకు అప్పుడప్పుడు భయం వేస్తుంది.

మన అటెండరును విద్యార్థులు 'చాచా' అంటారు. అధ్యాపకులలో మాకంటే చిన్నవారు కూడా పేరు పెట్టి, 'ఏయ్' అని పిలుస్తారు. ఆయన మా తండ్రి ఈడువారు. ఉర్దూ శాఖలోని పెద్దలొకరు మాత్రం, ఆయన సర్క్యులరు తెచ్చినప్పుడు "తష్రీఫ్ రఖియే" అని కుర్చీ చూపి, ఆయన కూర్చున్న తర్వాతనే కళ్లజోడు తీసి చదివి సంతకం పెడతారు. మొదట్లో ఇది మాకు వింతగా, కొంచెం అతిగా తోచినది. ఆ పెద్దల వలన ఇప్పుడు మా మూలలోనూ ఒకరిద్దరు అలవాటు మార్చుకున్నారు. ఆలస్యంగా మార్చుకున్నవారిలో మేమూ ఉన్నాము.

కమిటీ పెద్దలకు మా విన్నపం పెద్దది కాదు. ప్రతి మాసం మొదటి శనివారం స్టాఫ్ సమావేశంలో, ఎవరెవరి జీతం ఏ తేదీన చెల్లినది, ఎవరిది నిలిచిపోయినది, ఎందుకు నిలిచినది – ఈ పట్టికను చదివి వినిపించండి. పార్ట్‌టైము వారి వేసవి జీతం విషయం ఈ ఏడైనా తేల్చి, ఔననో కాదనో కాగితం మీద చెప్పండి; కాదంటే వారు ఏప్రిల్ లోపలే వేరే దారి చూచుకుంటారు. అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నెంబర్లు నోటీసు బోర్డు అద్దం వెనుక కాక, బాలికల విశ్రాంతి గది దగ్గర గోడ మీద, తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించండి. వ్రాయడానికి మా శాఖ వారిని, ఉర్దూ శాఖ వారిని పిలిస్తే చాలు, పెయింటరు ఖర్చు కూడా ఉండదు. మంచినీటి సంగతి కూడా ఇక్కడే చెబుతాము. స్టాఫ్ రూముకు క్యాను నీళ్లు వస్తాయి. అటెండర్లు, ఊడ్చే ఆమె వరండా కొళాయి నీళ్లు పట్టుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఆ కొళాయి నీళ్లు చేతికే వేడిగా తగులుతాయి. మట్టి పనిచోటకు కూడా త్రాగునీరు తప్పనిసరి చేసిన జిల్లా మనది.

ఈ వ్యాసం అచ్చుకు పంపే ముందు లెక్క చూచుకున్నాము. మన స్టాఫ్ రూములో కుర్చీలు పదకొండు, అధ్యాపకులము పదిహేడుగురము. పార్ట్‌టైము మిత్రులు ఇద్దరు ఇప్పటికీ కిటికీ గట్టు మీద కూర్చుంటున్నారు. ఆరు కుర్చీలు కావాలని విన్నపం వ్రాసి, రెండు శాఖల వారము సంతకాలు చేసినాము. సోమవారం కార్యాలయంలో ఇస్తాము.